చుక్కల కాటుక

పటాన్‌చెరులో కాపురం పెట్టిన ఇల్లాలిని పక్కింటివాళ్లకంటే ముందు పలకరించేది దుమ్ము. సంగారెడ్డి రోడ్డు మీద లారీలు లేపేది కొంత, పొగగొట్టాలు వదిలేది కొంత. "పొద్దుగాల తుడిస్తే మాపటికి మళ్ల గంతే గదమ్మా!" అంటుంది మా పనిమనిషి.

అన్నట్టు, శాస్త్రవేత్తలు కూడా దుమ్ము వెనకే పడ్డారు. మన ఇళ్లలోది కాదు లెండి, నక్షత్రాలది!

మన అమ్మమ్మలు కాటుక పట్టేవారు, గుర్తుందా? ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లిస్తే, మంటలోంచి లేచిన మసి దానికి అంటుకునేది. ముసలిదైన నక్షత్రం చేసేదీ ఇంచుమించు అదే. కడుపులో వండుకున్న కార్బన్, ఆక్సిజన్ లాంటివాటిని ఆవిరిగా బయటికి ఊదేస్తుంది. దూరం పోయేకొద్దీ ఆ ఆవిరి చల్లారి రేణువులు కడుతుంది. ఒక చుక్క దగ్గర మసి, మరో చుక్క దగ్గర ఇసుక జాతి దుమ్ము. అక్కడి చలే పళ్లెం!

మన రైతులు ఎదురుచూసే ఆరుద్ర కార్తె ఉంది చూశారూ, ఆ ఆరుద్ర నక్షత్రం చలికాలం రాత్రుళ్లు ఎర్రగా కనిపిస్తుంది. 2019 చివర్లో అది మసకబారింది. 2020 ఫిబ్రవరికి వెలుగు సగానికి పైగా తగ్గింది. పేలిపోతుందేమోనని అంతా కంగారుపడ్డారు. తీరా 2021లో తేలిందేమిటంటే, అది ఊదిన దుమ్మే దానికి తెరలా అడ్డం పడిందిట!

మరీ పెద్ద చుక్కలు పోతూ పోతూ పేలిపోతాయి. 1987 ఫిబ్రవరిలో దక్షిణాకాశంలో అలాంటి పేలుడు ఒకటి కనిపించింది. ఆ శిథిలాల్లో సూర్యుడి బరువులో సుమారు పావు వంతు దుమ్ము కొత్తగా పుట్టిందని చిలీలోని రేడియో టెలిస్కోపులతో 2014లో లెక్క తేల్చారు. అలాంటి దుమ్ము ముద్దకట్టే మన భూమి అయింది. మన రక్తంలోని ఇనుమూ, పసిదాని కంటి కాటుకా ఏనాటివో చుక్కల చలవే.

"అయితే దుమ్ము తుడవడం ఎందుకోయ్, దణ్ణం పెట్టుకోక!" అన్నారు మావారు పేపరు చాటునుంచి.

పక్కింటి పాప రాత్రంతా పిల్లికూతలతో ఆయాసపడుతుంటే ఆ మాట ఎలా ఒప్పుకోను? నక్షత్రానికి ఆకాశమంత వాకిలి ఉంది, కోట్ల ఏళ్ల తీరిక ఉంది. మన పొగగొట్టాల పక్కన బళ్లున్నాయి, ఉయ్యాలలున్నాయి. ఈసారి ఏ ఫ్యాక్టరీకైనా ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే, మగవాళ్లను పంపి ఊరుకోకుండా మనమూ వెళ్దాం. ఊరి దుమ్ము సంగతి చీపురు పట్టే చేతికంటే ఎవరికి బాగా తెలుసు?