అటక మీద జాడీ, పొయ్యి పక్కన సీసా

పాత కంప్యూటరు ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగేసి వచ్చినా తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది, గుర్తుందా అండీ? పాపం ప్రాసెసరుని తిట్టుకునేవాళ్లం. అసలు ఆలస్యమంతా హార్డ్ డిస్కుది. పళ్లెం గిర్రున తిరగాలి, దాని మీద తల సరైన చోటు వెతుక్కోవాలి. ఒక్కో వెతుకులాటకి పది మిల్లీసెకన్ల దాకా పోతుంది. విండోస్ లేచేలోపు అలాంటివి వేలు.

మన గుంటూరు ఇళ్లలో పండుమిరపకాయ పచ్చడి జాడీ అటక మీద ఉంటుంది. రోజూ వాడేది కొంచెం తీసి, తాలింపు వేసి, పొయ్యి పక్కన చిన్న సీసాలో పెడతారు. కంప్యూటర్లో ఆ సీసా పేరు క్యాష్ మెమరీ. ర్యామ్‌తో ఎప్పట్నించో పెడుతున్నారు గానీ, కరెంటు పోతే ఖాళీ! మళ్లీ మొదటికి. మన వైపు ఎండాకాలం కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా?

అందుకే కరెంటు పోయినా రాసింది పోగొట్టుకోని ఫ్లాష్ చిప్పు మీద కన్నేశారు. 2007లో విస్టాతో పాటు మైక్రోసాఫ్ట్ రెడీబూస్ట్ తెచ్చింది, పెన్ డ్రైవ్ గుచ్చితే సరి. అదే ఏడు ఇంటెల్ ల్యాప్‌టాపుల్లోకి టర్బో మెమరీ అనే చిన్న కార్డు దించింది. ర్యామ్ ఇంకో జీబీ వేయించుకున్నవాడే సుఖపడ్డాడని నా అభిప్రాయం.

2011లో ఇంటెల్ మళ్లీ వచ్చింది, స్మార్ట్ రెస్పాన్స్ అని. ఫ్లాష్ చిప్పులతో చేసిన ఎస్ఎస్‌డీని 64 జీబీ దాకా డిస్కు ముందు నిలబెట్టొచ్చు. ఇందులో రెండు పద్ధతులు. ఒకదాంట్లో రాసిన ప్రతిదీ వెంటనే డిస్కుకి కూడా చేరుతుంది. నిదానం, కానీ నిశ్చింత. రెండోదాంట్లో ముందు సీసాలో పడుతుంది, జాడీకి తీరిగ్గా వెళుతుంది. వేగమే, కాదనను. ఈలోపు సీసా పగిలిందా, తాలింపు గోవిందా.

అమరావతికి శంకుస్థాపన జరిగిన 2015లోనే ఇంటెల్, మైక్రాన్ కలిసి త్రీడీ ఎక్స్‌పాయింట్ అనే కొత్తరకం మెమరీని ప్రకటించాయి. (రాజధాని కబుర్లు మొదలెడితే తెల్లారిపోతుంది, వద్దులెండి.) 2017లో అది ఆప్టేన్ పేరుతో 16, 32 జీబీల పుల్లలుగా వచ్చింది. వేగంలో ఫ్లాష్‌ని మించింది. కానీ అప్పటికే ఎస్ఎస్‌డీ ధర దిగిపోతోంది. డిస్కే ఎస్ఎస్‌డీ అయ్యాక ముందు ఇంకో సీసా ఎందుకు? 2022లో ఇంటెల్ ఆప్టేన్ వ్యాపారమే చాలించుకుంది.

మీ ఇంట్లో ఆ కాలం కంప్యూటరుంటే, బాగుచేసే కుర్రాడికి ఓ మాట చెప్పండి. రెడీబూస్ట్ పెన్ డ్రైవ్ ఎప్పుడు పీకినా పర్లేదు, అందులో ఉన్నదంతా డిస్కులోనూ ఉంటుంది. ఆప్టేన్ పుల్ల మాత్రం ఇంటెల్ సాఫ్ట్‌వేర్‌లో ముందు ఆపి, తర్వాతే విప్పమనండి. లేకపోతే విండోస్ లేవకుండా మొరాయించొచ్చు.