గన్నేరు ఇంటిపేరు

‘గన్నేరు ఆకు మధుమేహానికి మంచిది’ అని ఎవరో అంటారు. ఏ గన్నేరో చెప్పరు. విన్నవాడు పెరటిలోకి వెళ్లి చేతికందిన కొమ్మను త్రుంచుతాడు. అక్కడ పొరపడితే ప్రాణానికే ముప్పు.

తెలుగునాట గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్లగన్నేరు అని నాలుగు మొక్కలు ఒకే పేరును పంచుకుంటున్నాయి. పూల రంగు ఒక్కటే చూసి వీటిని గుర్తించలేము. గన్నేరు ఎరుపు, గులాబి, తెలుపు వన్నెలలో పూస్తుంది; బిళ్లగన్నేరు సైతం గులాబి, తెలుపు పూలనిస్తుంది. అందువల్ల ఆకుల అమరికను పరిశీలించాలి. గన్నేరుకు కణుపు కణుపున సాధారణంగా మూడేసి ఆకులుంటాయి. బిళ్లగన్నేరుకు ఎదురెదురుగా రెండేసి ఉంటాయి. పచ్చగన్నేరుకు సన్నని ఆకులు ఒకటి తరువాత ఒకటిగా కొమ్మ చుట్టూ అమరుతాయి. దేవగన్నేరు చిన్న చెట్టు. దాని వెడల్పైన ఆకులు కొమ్మల చివర గుంపుగా ఉంటాయి.

1753లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ తన ‘స్పీసీస్ ప్లాంటారం’ గ్రంథంలో గన్నేరును ‘నీరియం ఒలియాండర్’ అన్నాడు. మొదటి పదం ప్రజాతిని, రెండవది జాతిని తెలుపుతుంది. మన నాలుగు గన్నేరులూ నాలుగు వేర్వేరు ప్రజాతులకు చెందినవి. అయినా శాస్త్రజ్ఞులు వాటిని ‘అపోసైనేసి’ అనే ఒకే కుటుంబంలో చేర్చారు. ఐదు రేకులు మెలిపడిన మొగ్గలో ఆ చుట్టరికం కనబడుతుంది. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఖండం నుండి, బిళ్లగన్నేరు మడగాస్కర్ నుండి వచ్చినవి. లాటిన్ ఎరుగని పల్లెప్రజలు ఆ పరాయి మొక్కలకు తమ పాత గన్నేరు పేరునే ఇంటిపేరుగా ఇచ్చారు. వారి చూపు తప్పలేదు.

అయితే ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు. అమరకోశంలో గన్నేరుకు ‘హయమారకము’ అన్న పర్యాయపదం ఉంది. గుర్రాన్ని చంపునదని అర్థం. గన్నేరు, పచ్చగన్నేరులలోని విషం గుండె నడకను దెబ్బతీస్తుంది. ఇక జమైకాలో మధుమేహానికి వాడిన బిళ్లగన్నేరు ఆకును కెనడా శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఆ ప్రయోగాలలో రక్తంలోని చక్కెర తగ్గలేదు; తెల్ల రక్తకణాలు తగ్గాయి. 1958లో వారు దాని నుండి వేరుచేసిన ‘విన్‌బ్లాస్టిన్’ క్యాన్సరుకు ఔషధమైంది. అది వైద్యుడు కొలిచి ఇచ్చే మందే గాని, పెరటిలో పిండుకొని త్రాగే పసరు కాదు.

ఇంటిపేరు బంధుత్వాన్ని చెబుతుంది. అసలు పేరు వ్యక్తిని చెబుతుంది. మనుషుల విషయంలో రెండూ అడిగి తెలుసుకునే మనం, ఆకు త్రుంచే ముందు మొక్కనూ ఆ రెండవ పేరు అడగాలి.