ఆడవాళ్లకి మామూలేనా?

రక్తపరీక్ష రిపోర్టు రాగానే మా అమ్మ చూపంతా ముదురు అక్షరాల్లో అచ్చయిన అంకెల మీదే. ఆ రాత్రికి ఇక నిద్రుండదు. చాలా పరీక్షల్లో ‘నార్మల్ రేంజ్’ అంటే ఆరోగ్యంగా ఉన్నవారిలో నూటికి 95 మందికి వచ్చే అంకెలు. మిగతా అయిదుగురూ ఆరోగ్యవంతులే కదా! అందుకే 20 పరీక్షలు చేయిస్తే ఒకటి కాస్త గీత దాటడం వింతేమీ కాదు.

అన్నిటికీ కంగారుపడే అమ్మ, హిమోగ్లోబిన్ 9.8 ఉంటే మాత్రం ‘ఆడవాళ్లకి మామూలేగా’ అని తీసిపారేసింది. గర్భిణులు కాని మహిళల్లో అది డెసిలీటరుకు 12 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనతేనంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మెట్లెక్కితే వచ్చే ఆయాసం వయసువల్ల కాదు, ఇనుము లోపంవల్లనని డాక్టరు తేల్చారు.

నలుగురికీ ఉన్నంత మాత్రాన ఏదీ నార్మల్ అయిపోదు. అంకెకు భయపడొద్దు, అలాగని అలవాటూ పడొద్దు.