మొలక చూడని విత్తనం

నిరుడు మా డిపార్టుమెంటు మొక్కల జాబితాను పాత కంప్యూటరు నుంచి కొత్తదానికి మార్చే పని నా నెత్తిన పడింది. మైసీక్వెల్‌డంప్ అనే ఆదేశం కొడితే డేటాబేసంతా ఒక స్క్రిప్టుగా దిగుతుంది: ముందు పట్టిక కట్టే వాక్యం, వెనక వరుసలు చేర్చే వాక్యాలు. ఎవరో రాసిపెట్టిన ఆదేశాన్నే కొట్టాను. అందులో లాటిన్1 అని ఉంటే పట్టించుకోలేదు. వరుసల లెక్క సరిపోయింది, ఇంకేం కావాలి?

తీరా తెరిచి చూద్దును గదా, తంగేడు లేదు, ఉత్తరేణి లేదు, అన్నీ ప్రశ్నార్థకాలే! లాటిన్1లో తెలుగక్షరానికి చోటే లేదు. పాత డిస్కు ఇంకా చెరపకపోవడం నా అదృష్టం.

రాత్రి ఫోనులో చెబితే నాన్న నవ్వాడు. "తడిగుడ్డలో మొలక చూడకుండా పాత విత్తనాలు అమ్ముకుంటారట్రా ఎవరైనా?"

మర్నాడు యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చి మళ్లీ తీసి, ఖాళీ డేటాబేసులో పోసి చూశాను. ఉత్తరేణి కనబడ్డాక గానీ పాత డిస్కు జోలికి పోలేదు.