చౌకగా చెక్క దొరికే దారులు

"అన్నా, ఇన్ని పీటలు, బొమ్మలు చెక్కుతవు గదా, కట్టెకు పైసలెక్కడివి?" మన ఫోరస్ రోడ్డు చాళ్లలో నన్ను చాలామంది అడిగే మాట ఇది. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని రాస్తున్నాను.

మా నాయన మిల్లులో వడ్రంగి ఖాతాలో పనిచేసిండు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత ఆయన నౌకరి పోయింది. ఉలి, బాడిశ, రందా ఇంట్లో మిగిలినయి. వాటితోనే నేను పని నేర్చుకున్న. నేడు పెళ్లిపీటలు, దేవుని పీటలు, పిల్లల బొమ్మలు చేస్తే ఇంటి కిరాయి వెళ్లిపోతుంది. కానీ దుకాణంలో కొత్త టేకు కొంటే, వచ్చిన డబ్బంతా చెక్కకే పోతుంది, చేతి కూలి మిగలదు.

నిర్మల్‌లో బొమ్మలు చేసే నకాషీలు పొనికి కర్ర వాడుతరు. అది తేలికగా, మెత్తగా ఉంటుంది. అయితే అక్కడి అడవిలోనే ఆ చెట్టు తక్కువైంది. ముంబైకి తెస్తే బండి కిరాయి కట్టె ధరను మించుతుంది. అందుకే ఇక్కడ దొరికేదే చూసుకోవాలె.

మొదటిది వానకాలపు కట్టె. గాలివానకు రెయిన్‌ట్రీలు, గుల్‌మొహర్లు పడతాయి. లారీలో పట్టాలని మిషన్ రంపంతో వాటిని చిన్న ముక్కలు చేస్తరు. ఆ ముక్కలు పొయ్యికి తప్ప పనికిరావు. కాబట్టి కోయకముందే పోయి, మునిసిపాలిటీ గార్డెన్ ఆఫీసరును అడిగి, రెండడుగుల దుంగ విడిగా కోయించుకోవాలె. నిలబడ్డ చెట్టు జోలికి మాత్రం పోవద్దు. పర్మిషన్ లేకుండా కొడితే 1975 నాటి చెట్ల చట్టం కింద కేసవుతుంది.

పచ్చి దుంగ తెచ్చిన రోజే నిలువునా రెండుగా చీల్చాలె. నడిమి బెండు తీసేస్తే పగుళ్లు తగ్గుతయి. రెండు కొనలకూ మిగిలిపోయిన పెయింటు పూసి, నీడలో ఆరబెట్టాలె. మందం అంగుళానికి ఒక ఏడాది అని పాత లెక్క. పది బై పన్నెండు ఖోలీలో అన్ని రోజులు పెట్టేదెక్కడ? మా ఇంట్లో మంచం కిందనే. గ్యాలరీలో పెడితే ఎలుకలు చేరుతాయని పక్కింటి అక్క ఊరుకోదు, ఆమె మాటా నిజమే.

రెండోది పడగొట్టిన చాళ్ల టేకు. ఏళ్ల తరబడి ఆరిన కట్టె కాబట్టి వంగదు, పగలదు. లోపల మేకులుంటయి, తగిలితే ఉలి మొన విరుగుతుంది. పాత స్పీకరులోని అయస్కాంతం చెక్క మీద తిప్పి చూస్తే తెలుస్తుంది.

మూడోది మిషన్లు వచ్చే పెట్టెల చెక్క. దాన్ని నేర్చుకునే పిల్లలకిస్త. ఆదివారం ఇద్దరు మన పిల్లలే వస్తున్నరు.

ఇప్పుడు అసలు మాట. కామాటిపురను మ్హాడా కొత్తగా కట్టిస్తుందంటున్నారు. మన బిల్డింగుల దూలాలు, వాసాలు చాలావరకు టేకే. ఏమీ అడగకపోతే అవన్నీ పడగొట్టే కాంట్రాక్టరు లారీలో పోతాయి. తర్వాత మనమే భంగారు దుకాణంలో పైసలిచ్చి కొనుక్కోవాలె. సంతకాలు పెట్టకముందే మన కమిటీలవాళ్లు ఒక్క మాట రాయించండి: ఇంటికొక వాసం ఆ ఇంటివాళ్లకే ఇవ్వాలని. చెక్కేవాళ్లు లేని ఇల్లయితే, దాన్ని పీట చేసి ఇచ్చే పూచీ నాది, కూలి వద్దు.