కాక మాట్లాడిన బంగ్లా

ఆర్మూరులో పుట్టినవాళ్లకి సముద్రం అంటే పోచంపాడే. నల్లటి రాళ్ల గుట్టలు, పసుపు చేలు, వాటికి ఉత్తరాన శ్రీరామసాగర్ నీళ్లు... చిన్నప్పుడు అవతలి ఒడ్డు కనిపించకపోతే అదే సముద్రమని మేం తీర్మానించేసుకునేవాళ్లం. నిజం సముద్రం చూడాలంటే ఏ దిక్కుకి బయల్దేరినా ఓ రాత్రంతా ప్రయాణం చేయాల్సిందే.

అలాంటి ఊళ్లో ఓ విచిత్రం ఉంది. మా వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఏళ్ల తరబడి దీవిలో బతికొచ్చిన మనిషి ఒకరైనా కనిపిస్తారు! బహ్రెయిన్ ద్వీప దేశం కదా. దాని విస్తీర్ణం మొత్తం కలిపినా పాత నిజామాబాద్ జిల్లాలో పదో వంతు. మా కాక అక్కడ పదకొండేళ్లు తాపీ పని చేశాడు. తిరిగొచ్చి తొమ్మిదేళ్లయింది. 'సముద్రం ఎట్లుంటది కాకా?' అని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒక్కటే. 'మబ్బుల బస్సెక్కి పనికి పోదుము. బ్రిడ్జి మీదికెళ్లి కనవడేది. చీకటి మీద చీకటి.' అంతే. ఆపైన ఇంకో ముక్క రాదు.

ఈసారి పసుపు అమ్మాక చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. బాపునీ అమ్మనీ అండమాన్ తీసుకెళ్తానని నేనన్నాను. కాకనీ రమ్మన్నాను. బాపు ఎప్పటిలాగే 'గా పైసలు నీళ్లల్ల పోసొస్తవా బిడ్డా?' అన్నాడు. కాక మాత్రం కస్సుమన్నాడు. 'నీళ్ల నడుమ పదకొండేండ్లున్న. ఇగ సాలు.' అమ్మ రంగంలోకి దిగింది. 'అప్పుడు పనికి పోయినవ్. ఇప్పుడు సూడనీకి పోదాం. రా మరిదీ' అంది. వదిన మాట కాక ఎన్నడూ జవదాటడు.

హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్తే మధ్యాహ్నం లోపే పోర్ట్‌బ్లెయిర్. 2024లో దానికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు కానీ, ఆటోవాళ్ల నోట ఇంకా పాత పేరే వినిపిస్తుంది. సెల్యులార్ జైలు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1906లో పూర్తయిన ఏడు వరుసల జైల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. ఆ ఒంటి గదుల ముందు నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు. కాక ఓ గది లోపలికెళ్లి గోడకీ గోడకీ మధ్య అడుగులు లెక్కపెట్టి బయటికొచ్చాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం బజారు. చేపల దగ్గర తెలుగు, ఆటోలో తెలుగు, టీకొట్టులోనూ తెలుగే! 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది మాతృభాష మనదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకీ కూలి పనులకీ వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువ. మా ఆటో డ్రైవరుది కూడా శ్రీకాకుళం వైపే. 'మరి ఎనకకు ఎప్పుడు పోతరు?' అని కాక అడిగాడు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి ఎవరినైనా మొదట అడిగే ప్రశ్న అదే. డ్రైవరు నవ్వాడు. 'ఎక్కడికి ఎల్తామండి? మా తాత ఒచ్చాడు. నేనిక్కడే పుట్టాను.' ఆ జవాబు కాకకి ఓ పట్టాన మింగుడుపడలేదు. దారంతా ఆ కుర్రాడి మెడ వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఆటోలోనే సిప్పీఘాట్ మీదుగా వెళ్లాం. రోడ్డుకి రెండు పక్కలా నీళ్లు... చెరువనుకున్నాం. కాదట. 2004 డిసెంబరు 26 దాకా అవి వరి మడులు. ఆ రోజు భూకంపానికి దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కిందికి కుంగింది. సునామీ వెనక్కి పోయింది కానీ, పొలాల్లోకొచ్చిన సముద్రం మాత్రం పోలేదు. బాపు ఆటో ఆపించి దిగాడు. గట్టు మీద చాలాసేపు నిలబడి ఒక్క మాటే అన్నాడు. 'పట్టా ఉండి ఏం ఫాయిదా.' పోచంపాడు కింద పోయిన చేన్ల మాటలు వింటూ పెరిగిన మనిషి మరి.

బారాటాంగ్ దీవికి పోదామని ఏజెంట్లు తెగ ఒత్తిడి చేశారు. ఆ దారి జారవాల అడవి మీదుగా పోతుంది. అదృష్టముంటే వాళ్లు కూడా కనిపిస్తారన్నాడు ఒకాయన, పులుల గురించి చెప్పినట్టు! మేం వెళ్లలేదు. మనుషుల్ని చూడ్డానికి టికెట్టేమిటి?

మూడో రోజు పొద్దున ఓడెక్కి నీల్ దీవికి వెళ్లాం. రెండు గంటల ప్రయాణం. 2018 చివర్లో దీని పేరు షహీద్ ద్వీప్ అయింది. సోన్ బ్రిడ్జి మీద గోదావరిని చూడగానే కిటికీలోంచి చిల్లర వేసే అలవాటు అమ్మది. ఇక్కడ ఏకంగా పసుపు కుంకాల పొట్లమే తెచ్చుకుంది. ఓడ అంచున నిలబడి చిటికెడు చిటికెడు సముద్రంలో వేసింది. పక్కనున్న విదేశీ జంట అదేదో మందనుకున్నట్టున్నారు, వాసన చూపించమన్నారు.

నీల్ చాలా చిన్నది. ఈ చివర నుంచి ఆ చివరకి స్కూటరు మీద అరగంట పట్టదు. ఊళ్ల పేర్లు చూడండి... సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్! తూర్పు బెంగాల్ నుంచి దేశ విభజన తరిమితే వచ్చిన కుటుంబాలకి 1960లలో ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. 'ఇల్లిడిశి అడవికొచ్చినోళ్లు గదా, గా పేర్లే పెట్టుకుంటరు' అంది అమ్మ. ఇంతకన్నా మంచి వివరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

సీతాపూర్‌లో సూర్యోదయం, లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం చూడాలని అందరూ చెబుతారు. చూడాల్సిందే. పచ్చ, లేత నీలం, ముదురు నీలం... చీర అంచుల్లా పొరలు పొరలుగా కనిపిస్తాయి నీళ్లు. కానీ మా బాపు చూపు నీళ్ల మీద నిలవలేదు. అండమాన్‌కి కూరగాయల బుట్ట అని నీల్‌కి పేరు. వంకాయ, బెండ, కాకర తోటలు, కొబ్బరి, పోక చెట్లు... ఆయన మడి మడీ దిగి మట్టి పిసికి చూశాడు. ఓ ఇంటి పెరట్లో అరటి చెట్ల నీడన నాలుగు పసుపు మొక్కలు కనిపించేసరికి 'అరే, మనదే!' అని కంచె దాటబోయాడు.

ఇంట్లోంచి ఓ పెద్దాయన బయటికొచ్చాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. హిందీలో ఏదో అన్నాడు. బాపుకి అర్థం కాలేదు. నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి కాక గొంతు వినిపించింది. హిందీ కాదు. ఉర్దూ అంతకన్నా కాదు. బంగ్లా!

ముగ్గురం తిరిగి చూశాం. కాక తడుముకోకుండా మాట్లాడుతున్నాడు. పెద్దాయన మొహం విప్పారింది. ముందు మొక్కల సంగతి, తర్వాత వానల సంగతి... చూస్తుండగానే ఇద్దరూ అరుగెక్కి కూర్చున్నారు. పెద్దావిడ టీ తెచ్చింది. పెద్దాయన పసివాడిగా బారిసాల్ వైపు నుంచి తల్లి చంకనెక్కి వచ్చాడట. బహ్రెయిన్‌లో కాక గదిలో ఉన్న ఎనిమిది మందిలో అయిదుగురు బంగ్లాదేశీలు. ఆయన పక్క మంచం వాడిదీ బారిసాలే. కాక తనకు తెలిసిన ఓ నది పేరు చెప్పగానే పెద్దాయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. తను ఎన్నడూ మళ్లీ చూడని నది అది. కాక అయితే అసలు చూడనే లేదు. ఏడేళ్లు రాత్రిళ్లు పక్క మంచం నుంచి విన్నాడంతే.

ఆ సాయంత్రం నీళ్లు తీసినప్పుడు రాతి వంతెన దగ్గరికెళ్లాం. సముద్రం కోసి చెక్కిన కమాను అది. బెంగాలీలు దానికి పెట్టుకున్న పేరు హౌరా బ్రిడ్జి! పోటు మీదున్నప్పుడు దగ్గరికి పోలేం. గుంటల్లో పగడాల మధ్య పీతలు, రంగు చేపలు. గవ్వయినా ఏరుకోకూడదని కాపలా మనిషి హెచ్చరిస్తూనే ఉన్నాడు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ కాక మాట్లాడటం మొదలుపెట్టాడు. జ్వరమొస్తే గంజి కాచి పోసిన పక్క మంచం మనిషి గురించి... వంతులేసుకుని వండిన చేపల పులుసు గురించి... కాక వెళ్లిన నాలుగో ఏడు నాయనమ్మ పోయిందని ఫోనొస్తే, సెలవు దొరకని ఆ రాత్రి గదిలో ఎనిమిది మందీ అన్నం ముట్టలేదట. 'తెలుగోన్ని నేనొక్కన్నే ఉంటి. గా బాసల్నే ఏడ్సిన' అన్నాడు. బాపు తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. పోటు వచ్చే వేళయింది, రండి రండి అని కాపలా మనిషి ఈల ఊదుతున్నాడు.

తిరుగు ఓడలో అమ్మ నిద్రపోయింది. ఆ పెద్దావిడ ఇచ్చిన పచ్చి పసుపు కొమ్ముని బాపు గోటితో గిల్లి, మన దానంత రంగు లేదని తేల్చేశాడు. కాక మాత్రం పైకెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. 'బిడ్డా, ఎనక నీళ్లు పడేటట్టు ఓ ఫొటో తియ్యి' అన్నాడు. తీశాను. 'గా బారిసాలోనికి పంపుదాం. ఫేస్‌బుక్కుల దొరుకుతడా సూడు' అని పేరు చెప్పాడు. వెతికితే ఆ పేరుతో వందల మంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక కాక కళ్లద్దాలు పెట్టుకుని ఓ ఇరవై మొహాలు చూస్తున్నాడు.