కొట్టేసే ముందు

బ్యాంకులో పాత వోచర్లు పారేయాలంటే ఒక పద్ధతి ఉంది. జాబితా రాయాలి, గడువు తీరిందో లేదో చూడాలి, పై అధికారి సంతకం కావాలి. ఆ తర్వాతే చింపడం. ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేయిస్తున్న నేను, ఇంట్లో మాత్రం ఆ పద్ధతి మరిచాను.

గుడియాత్తంలో మా బావగారు పిల్లల కోసం ఒక చదువుల గది నడుపుతున్నారు. అక్కడ ఆరు పాత కంప్యూటర్లు. అన్నిట్లోనూ ఉచితంగా దొరికే డెబియన్ లినక్సే. ఒక్కొక్కటీ విడివిడిగా సాఫ్ట్‌వేర్ దించుకోవాలంటే అక్కడి నెట్ చాలదు. అందుకని రాయవేలూరులో మా ఇంట్లో ఒక టెరాబైట్ డిస్కులో డెబియన్ ప్యాకేజీల నకలు ఉంచి, నెలకోసారి పళ్ళికొండ మీదుగా బస్సులో పట్టుకెళ్తాను. ఈ నకలునే మిర్రర్ అంటారు.

2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో 64,419 ప్యాకేజీలు. 2025 ఆగస్టు 9న వచ్చిన 13లో 69,830. రెండూ పెట్టేసరికి డిస్కు నిండిపోయింది. నకలు తీసే ఆప్ట్-మిర్రర్ తనంతట తాను ఏదీ చెరపదు. అక్కర్లేనివాటి జాబితాను క్లీన్ స్క్రిప్టుగా రాసిపెడుతుంది, నడపాల్సింది మనమే. 13లో 32 బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలరే లేదు కదా, ఇంకా ఎవరు వాడతారులే అని ఆ వరుసలు కొట్టేసి స్క్రిప్టు నడిపాను. డిస్కుతోపాటు నా మనసూ తేలికపడింది.

పది రోజులకు బావగారి ఫోను. మూలనున్న కంప్యూటరులో డిస్కు పోయింది, అన్నీ మళ్ళీ ఎక్కించాలి. అది 32 బిట్‌దే! మిగతావి బడిపిల్లలతో నిండి ఉంటాయి గనుక, నేతపని వారి అమ్మాయి ఒకతె సాయంత్రాలు దాని మీదే లెక్కల పట్టీలు నేర్చుకుంటోంది. వారంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

"ఏం బావా, బ్యాంకులో కూడా ఖాతాదారుణ్ణి అడక్కుండానే ఖాతా మూసేస్తారా?" అన్నారాయన.

డెబియన్ వారి స్నాప్‌షాట్ భండారంలో 2005 నుంచీ పాత ప్యాకేజీలున్నాయి. కానీ ఎక్కడో భద్రంగా ఉండడం వేరు, గుడియాత్తంలో చేతికందడం వేరు. చోటు కోసం ఈసారి బావగారిని అడిగి, అక్కడెవరూ తెరవని సోర్సు ప్యాకేజీలు తీసేశాను. మా డిస్కులో 5 శాతం చోటు, బ్యాంకులో నగదు నిల్వలాగా, సిస్టమ్ కోసం విడిగా ఉంటుంది. నకళ్ళు మాత్రమే ఉండే డిస్కుకు అంత అక్కర్లేదు. 1 శాతానికి తగ్గిస్తే 40 గిగాబైట్లు కలిసొచ్చాయి. కొట్టేసినవన్నీ రాత్రుళ్ళు మళ్ళీ దించి, ఆదివారం బస్సెక్కాను. అమ్మాయికి మిగిలింది రెండు రోజులే.

ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. నావల్లేనని ఎవరూ అనలేదు. కాదని నేనూ అనుకోలేకపోతున్నాను.

ఇప్పుడు డిస్కు పక్కన ఒక నోటుబుక్కు ఉంటోంది. ఏ కంప్యూటరుకు ఏది కావాలో అందులో రాసి ఉంటుంది. ఏ వరుస కొట్టేయాలన్నా బావగారి సంతకం పడాల్సిందే. చోటు ఎంత మిగిలిందో కంప్యూటరు చెబుతుంది. ఎవరికి ఏది అవసరమో మాత్రం అడిగి తెలుసుకోవాలి.